కోయని పువ్వు

కాళిదాసు తన ఋతుసంహారాన్ని వసంతంతో గాక గ్రీష్మంతో ఆరంభించినాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వేసవికి విశాలమైన చోటు కల్పించినాడు. ఎండ ఓర్వరానిదే అయినా చూడదగినది కూడ అని ప్రాచీనులకు తెలుసు. తలుపులు బిగించుకొని కూర్చున్నవారికి గ్రీష్మవర్ణన సాధ్యం కాదు.

గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి మైదానంలో వేసవిని చూడడానికి మరికొంత ఓర్పు కావాలి. పల్నాటి రెంటచింతలలో ఎండ 45 డిగ్రీలు దాటడం విడ్డూరం కాదు. పుష్య మాఘ మాసాలలో ఈ నేల కన్నుల పండువుగా ఉంటుంది. ఒకవంక విచ్చిన పత్తికాయలు, మరొకవంక కళ్ళాలలో ఆరబోసిన మిరపపండ్లు. వైశాఖం వచ్చేసరికి ఆ శోభ అంతా మాయమవుతుంది. పత్తికట్టె పీకి మోపులు కట్టి ఇళ్ళకు చేరుస్తారు. మిరపచేలు దున్నివేస్తారు. సాగరు కాలువలలో నీరు ఆగిపోతుంది. తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు ముడుచుకొనే రేగడినేల చేయి దూరేటంత నెఱ్ఱెలు విచ్చుతుంది. క్రోసుల కొలది చూచినా గట్టుమీది తుమ్మ, తాడి, వేప తప్ప పచ్చదనం కనబడదు.

అట్టి సమయంలో పిట్టకు నీడ, తేనెటీగకు పువ్వు, తొండకు తేమ దొరికే చోటు ఊళ్ళోని పెరడు. నూతి చప్టామీద ఒలికిన నీరు అరటిపాదుకు పోతుంది. స్నానం చేసిన నీరు కరివేపచెట్టుకు, కూరలు కడిగిన నీరు మందారకు చేరుతుంది. ఆ నాలుగు బిందెల నీటిని నమ్ముకొని ఎన్ని ప్రాణులు బ్రతుకుతున్నవో లెక్కించినవారు తక్కువ. చేతిఫోనులోనే కెమేరా అమరిన ఈ రోజులలో ఆ లెక్క తీయడం ఏ పాఠశాల విద్యార్థికైనా సాధ్యమే. అందుకు కావలసినవి రెండు: ఓపిక, నెమ్మదితనం.

పుష్పవిలాపానికి ఒక సమాధానం

ఇట్టి చూపుకు ఈ సీమ కవులే మొదటి ఒజ్జలు. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువ గిజిగానిమీద, సాలీడుమీద ఖండికలు వ్రాసినాడు. 1941లో వెలువడిన తన కావ్యంలో, పూర్వకవులు మేఘానికి, హంసకు అప్పగించిన దౌత్యాన్ని ఆయన గబ్బిలానికి అప్పగించినాడు. లోకం అల్పమని, అపశకునమని త్రోసిపుచ్చిన ప్రాణులను నిలిచి చూచిన కవి ఆయన.

1912లో కొమ్మూరులో పుట్టి, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో తెలుగు బోధించిన కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి పూలచేతనే మాట్లాడించినాడు. పూజకై పూలు కోయవచ్చిన మనిషిని పూలు నిలదీసిన ఆ పుష్పవిలాపం ఘంటసాల గళంలో తెలుగునాట ఇంటింటా వినబడింది. దానిని విని కన్నీరు పెట్టినవారు కూడ మరునాడు ఉదయం సజ్జ పట్టుకొని పెరటిలోకి వెళ్ళినమాట నిజమే. పువ్వును ప్రేమించినవాడు దానిని కోయక మరేమి చేయగలడు అన్న ప్రశ్నకు ఆనాడు చిత్రకారుని కుంచె, కవి కలం తప్ప వేరు సమాధానం సామాన్యులకు అందుబాటులో లేదు. ఈనాడు ఉన్నది. మందారను కొమ్మమీదనే ఉంచి ఇంటికి తెచ్చుకోవచ్చు. దానిమీద వాలిన తేనెపిట్టను కూడ దానితోబాటే తెచ్చుకోవచ్చు. కోసిన పువ్వుపై పిట్ట వాలదు గదా!

ప్రొద్దుపొడుపు నుండి ప్రొద్దుగ్రుంకువరకు

వేసవిలో పెరటి దినచర్య తెల్లవారక ముందే మొదలవుతుంది. వేపకొమ్మల మాటున కోకిల కూస్తుంది. వెలుగు రాగానే తేనెపిట్టలు మందారలకు, అరటిపువ్వుకు చేరుకొంటాయి. మగపిట్ట నీడలో నల్లగా కనబడుతుంది. ఎండ తగలగానే నీలంగా, ఊదాగా మెరుస్తుంది. ఆ రంగు ఈకలో కలిసిన వర్ణద్రవ్యం వలన వచ్చినది కాదు. ఈకల సూక్ష్మనిర్మాణం మీద వెలుతురు పడిన తీరువలన కలిగినది. అందుచేతనే ఒకే పిట్టకు తీసిన రెండు చిత్రాలలో ఒకటి బొగ్గువలె, ఒకటి నీలమణివలె వస్తుంది. ఆడపిట్ట గోధుమవన్నెతో సాదాగా ఉంటుంది. కాని గూడు కట్టేది ఆమెయే. కాగితపుపూల తీగెకో, బట్టలు ఆరవేసే తీగెకో వ్రేలాడే చిన్న సంచివంటి ఆ గూటిని సాలెపట్టుతో బిగించి, ఎండుటాకుల తునకలు, బెరడుముక్కలు అతికి, చెత్త చిక్కుకొన్నదేమో అని చూపరులు భ్రమపడేటట్లు చేస్తుంది.

ఈ మైదానపు ముద్ర స్పష్టంగా కనబడే గూడు దర్జీపిట్టది. ఒక వెడల్పాటి ఆకును దొన్నెవలె మడిచి, లేదా రెండు మూడు ఆకులను దగ్గరకు చేర్చి, అంచులకు ముక్కుతో రంధ్రాలు పొడిచి, పీచుతో కుడుతుంది. లోపల మెత్తగా దూది పరుస్తుంది. చేలనుండి బండ్లమీద తరలేటపుడు ముళ్ళకంచెలకు చిక్కుకొన్న పత్తి ఈ పిట్టకు అక్కరకు వస్తుంది. రైతుకు నష్టమని తోచని ఆ పిడికెడు దూదిలో దర్జీపిట్ట పిల్లలు పెరుగుతాయి.

పదిగంటలు దాటిన తరువాత పెరడు నిద్రపోయినట్లుంటుంది. కాకులు, గోరింకలు ముక్కులు తెరచుకొని నీడలో నిలుస్తాయి. అవి అరవడం లేదు. పక్షులకు చెమట గ్రంథులు లేవు. నోరు తెరచి, వేగంగా ఊపిరి తీసి దేహతాపాన్ని తగ్గించుకొంటాయి. అప్పుడు ఒక మట్టి మూకుడులో నీరు పోసి నీడలో ఉంచితే కొద్ది దినాలలోనే పిగిలిపిట్ట, గువ్వ, నల్లంచి, ఉడుత వంతులు వేసుకొని వస్తాయి. మూకుడు లోతు లేనిదై ఉండాలి. నీరు ప్రతిదినం మార్చాలి. లేకున్న అది దోమలకు పుట్టినిల్లవుతుంది.

మిట్టమధ్యాహ్నం చూడదగినవి ఆకులపై ఉన్నవి. నిమ్మ, కరివేప మొక్కల లేతాకులను వెదకితే పిట్టరెట్టవంటి మచ్చ ఒకటి కనబడుతుంది. వ్రేలితో తాకితే అది కదులుతుంది. నిమ్మ సీతాకోకచిలుక యొక్క పసిపురుగు అది. పక్షి తన రెట్టను తాను తినదు గనుక ఆ వేషం దానికి రక్ష. కొంత పెరిగిన తరువాత ఆ వేషం విడిచి ఆకుపచ్చని దేహం ధరిస్తుంది. అప్పుడు దానిని కదిలిస్తే తలవెనుకనుండి చీలిన నాలుకవంటి కొమ్ము ఒకటి బయటకు వచ్చి ఘాటైన వాసన చిమ్ముతుంది. తరువాత పట్టుదారంతో నడుము కట్టుకొని, పుల్లకు ఆనుకొని, కోశస్థ దశలో నిశ్చలంగా ఉంటుంది. ఒకనాటి ఉదయం నలుపు పసుపు రెక్కలతో వెలువడుతుంది. ఈ దశలన్నిటిని వరుసగా ఒకే మొక్కమీద చిత్రించిన విద్యార్థికి రూపపరివర్తన అనే మాటకు అర్థం వేరుగా చెప్పనక్కరలేదు. ఆ పురుగు తిన్న నాలుగు కరివేపరెబ్బల నష్టాన్ని ఇల్లాలు మన్నించవలసి ఉంటుంది. సాధారణంగా మన్నిస్తుంది, తన కంటబడిన సీతాకోకచిలుకను చూచి ఆనందించేది ఆమెయే గనుక.

సాయంకాలం మల్లెపందిరిది. ఉదయం బిగిసియున్న మొగ్గ సందెవేళకు విచ్చుతుంది. శీతకాలంలో కొమ్మలు కత్తిరించి, నీరు తగ్గించి, మాఘంలో మరల నీరు పెట్టిన పొద వేసవి పొడవునా విరగబూస్తుంది. తెల్లని రంగు, చీకటిలో దూరం పోయే పరిమళం రాత్రి తిరిగే రెక్కలపురుగులకు పిలుపులు. చంద్రకాంత పూలు కూడ సాయంత్రమే విప్పారుతాయి. వాని ఎదుట కదలక నిలబడితే, గాలిలో ఒకేచోట ఆగి, పొడవైన తొండముతో తేనె పీల్చే పెద్ద చిమ్మట కనబడవచ్చు. దాని తీరు చూచి చిన్న పిట్ట అని పొరబడేవారు ఉన్నారు.

కవిసమయం, కంటిసాక్ష్యం

తెలుగు చదువుకొనేవారికి ఈ పరిశీలనలో మరొక లాభం ఉన్నది. పద్యాలలో నేర్చుకొన్న ప్రాణులను పెరటిలో కలుసుకొని, ఏది కవిసమయమో ఏది ప్రకృతిసత్యమో విడదీసి తెలిసికొనవచ్చు.

పాటలు కోయిలమ్మను పొగడుతాయి. వేసవిలో ఊరంతా వినబడే ఆ కుహూరావం మగకోకిలది. నల్లని దేహం, ఎఱ్ఱని కన్ను దాని గుర్తులు. ఆడకోకిల గోధుమరంగుమీద తెల్లని చుక్కలతో ఉంటుంది; దాని అరపు వేరు. కాకులు గూడు కట్టే కాలమే దానికి గ్రుడ్లు పెట్టే కాలం. పరభృతమన్న సంస్కృత నామం మాత్రం అక్షరాలా నిజం.

సంపెంగపై తుమ్మెద వాలదని కవులు చెప్పినారు. సంపెంగ కుటుంబపు పూలు తుమ్మెదల రాకకంటె చిన్న పెంకుపురుగుల రాకపైననే ఎక్కువగా ఆధారపడిన ప్రాచీన జాతివి. మరి తుమ్మెద ఎక్కడ వాలుతుంది? జిల్లేడు, మునగ, కానుగ పూలమీద చూడవచ్చు. వెదురుబొంగులో, ఎండిన దూలంలో గుండ్రని రంధ్రం తొలిచి కాపురముండే నల్లని పెద్ద తుమ్మెద తేనెటీగల కుటుంబానికి చెందినదే. సంపెంగచెట్టు గల ఇంటివారు కొన్ని ఉదయాలు కెమేరాతో కూర్చున్నట్లయితే కవిమాటకు సాక్ష్యమో, మినహాయింపో దొరుకుతుంది. రెండింటిలో ఏది దొరికినా పద్యం మరింత ప్రియమవుతుందే గాని తగ్గదు.

తొండ ముదిరి ఊసరవెల్లి అయినదని సామెత. మనుషుల నడతను గూర్చి అది చక్కని మాటయే. ప్రకృతిలో మాత్రం తొండ ఎంత ముదిరినా తొండయే. రెండింటి కుటుంబాలు వేరు. జతకట్టే కాలంలో మగతొండ తల, గొంతు ఎఱ్ఱబారుతాయి. గోడమీద నిలిచి ముందరి కాళ్ళతో లేచి తల ఊపుతుంది. అది బాటసారిని వెక్కిరించడం కాదు. ఈ గోడ తనదని సాటి మగతొండకు చెప్పడం. దానికి తెలియని ఆ నేరానికి తరతరాలుగా పిల్లలు రాళ్ళతో శిక్ష వేసినారు. ఆ ఎఱ్ఱని గొంతును ఒక్కసారి మంచి వెలుతురులో చిత్రించిన పిల్లవాడు మరల రాయి ఎత్తడానికి వెనుకాడుతాడు.

చేను వేరు, పెరడు వేరా?

ఈ సీమలో పురుగు అన్న మాటకు భయంకరమైన చరిత్ర ఉన్నది. 1980వ దశకంలో తెల్లదోమ, ఆ తరువాత కాయతొలిచే పచ్చపురుగు పత్తిరైతును అప్పులపాలు చేసినవి. 2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి లభించింది. కాని పురుగుతో పోరు ముగియలేదు. 2021-22లో నల్ల తామరపురుగు మిరపపూలలో చేరి గుంటూరు, ప్రకాశం తోటలను పాడుచేసింది. మందుమీద మందు చల్లినా ఫలితం లేక తోటలు పీకివేసిన రైతులు ఉన్నారు. అట్టి ఇంటి పిల్లవానికి పురుగు అంటే శత్రువు, దానికి మందు అంటే పరిష్కారం. అతనిని తప్పు పట్టడానికి వీలు లేదు.

అయినా పురుగు అన్న ఒక్క మాట క్రింద ఎన్ని జాతులు ఉన్నవో పెరడు చూపుతుంది. మట్టితో గూడు కట్టి అందులో పచ్చపురుగులను నింపి పిల్లలకు మేతగా ఉంచే కందిరీగ రైతుకు కూలి అడగని పనివాడు. ఆకుమీది పేనుబంకను తినే అక్షింతల పురుగు, దోమలను గాలిలోనే పట్టే తూనీగ, కాపు నిలబెట్టే తేనెటీగ అట్టివే. చేనిలో చల్లే మందు వీనిని వేరుచేసి చూడదు. చూడవలసినది మనిషి. ఆ చూపు చేనిలో ఒక్కసారిగా అలవడదు. పంట పోతుందన్న భయం అక్కడ కన్ను కప్పుతుంది. భయం లేని చోట, కరివేపచెట్టు క్రింద అది అలవడాలి.

మిరపకు, పక్షికి గల చుట్టరికం కూడ ఈ పాఠంలోనిదే. దక్షిణ అమెరికానుండి పోర్చుగీసువారి ద్వారా ఈ దేశం చేరిన మిరప గుంటూరు పేరును లోకమంతట వ్యాపింపజేసింది. ఆ పండును కొరికి మనిషి కన్నీరు పెడతాడు. చిలుక తాపీగా తింటుంది. మిరపలోని కారపు పదార్థం స్తన్యజీవుల నాలుకపై మంట పుట్టించినట్లు పక్షుల నాలుకపై పుట్టించదు. విత్తును నమలి పాడుచేసే జంతువును దూరముంచి, మింగి దూరదేశాలకు చేర్చే పక్షిని ఆహ్వానించడానికి అడవి మిరప చేసికొన్న ఏర్పాటు అది.

2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేపను రాష్ట్రవృక్షంగా, మల్లెను రాష్ట్రపుష్పంగా, రామచిలుకను రాష్ట్రపక్షిగా, కృష్ణజింకను రాష్ట్రజంతువుగా ప్రకటించింది. నాలుగింటిలో మూడు సామాన్యుని పెరటిలో ఉండదగినవి. జింక ఒక్కటి పెరటికి రాదు. కాని పెరళ్ళే తరిగిపోతున్నవి. మట్టి కనబడితే మురికి అన్న భావంతో ఇంటిచుట్టూ సిమెంటు పరచి, పాదులు పూడ్చి, ఆకు రాలుతుందని వేపను కొట్టివేసిన ఇంటిలో రాష్ట్రచిహ్నాలు పాఠ్యపుస్తకంలోనే మిగులుతాయి.

చిత్రం తీయడంలో ధర్మం

కెమేరా చేతనున్నంత మాత్రాన అహింస సిద్ధించదు. గూడు స్పష్టంగా కనబడడానికి అడ్డుగా ఉన్న ఆకు త్రుంచితే ఆ ఆకు కప్పిన నీడ పోతుంది. ఎండ పిల్లలను మాడుస్తుంది, కాకి కన్ను వానిపై పడుతుంది. పొదిగే పక్షిని లేపి ఎగురుతున్న చిత్రం తీయడం, గ్రుడ్లను చేతిలోకి తీసికొని చిత్రించడం, పసిపిల్లలపై వెలుగు మెరిపించడం తగని పనులు. పక్షి పిలవడం మాని అటూ ఇటూ గంతులు వేస్తున్నదంటే మనిషి హద్దు దాటినాడన్నమాట. చిలుకను పంజరంలో ఉంచి చిత్రించడం ముచ్చట కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని బంధించి పెంచడం నేరం కూడ.

ఇక పనితనం. వేసవిలో ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదు తరువాత వెలుతురు మెత్తగా ఉంటుంది. నడినెత్తిన ఎండలో తెల్లని మల్లె వెలవెలబోతుంది, నల్లని పిట్ట మసిబొమ్మ అవుతుంది. పురుగు కంటి ఎత్తుకు వంగి చూస్తే దాని ప్రపంచం కనబడుతుంది. నిలబడి పైనుండి తీస్తే దాని వీపు మాత్రమే దక్కుతుంది. పిట్ట వెంట తిరగడంకంటె, అది వచ్చే పూవు దగ్గర ముందుగా కూర్చుండడం మేలు.

గొప్ప యంత్రం లేనిదే గొప్ప పని జరగదనే శంక అక్కరలేదు. మదరాసులో నివసించిన ఎం. కృష్ణన్ తానే అమర్చుకొన్న కెమేరాతో నలుపు తెలుపులలో చిత్రాలు తీసినాడు. 1950 నుండి 1996లో మరణించేవరకు స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతిని గూర్చి శీర్షిక నడిపినాడు. అడవి ఏనుగును ఎంత శ్రద్ధగా చూచినాడో, ఇంటి ఆవరణలోని ఉడుతను, కాకిని అంత శ్రద్ధగా చూచినాడు.

తేదీ లేని చిత్రం, పేరు లేని పిట్ట

చిత్రం తీసి చూచి మురిసి మరచిపోతే అది వేడుక మాత్రమే. దానిక్రింద తేదీ, స్థలం, ప్రాణి పేరు వ్రాసి ఉంచితే అది సాక్ష్యం. జపానులోని క్యోటో నగరంలో చెఱ్ఱీపూలు విరగబూసిన దినాలు 9వ శతాబ్దం మొదలుకొని దినచర్యలలో, ప్రాచీన పత్రాలలో దొరుకుతున్నవి. అమెరికాలోని కాంకర్డ్ గ్రామంలో 1850 ప్రాంతాన థోరో పూలు పూసిన తేదీలు వ్రాసి ఉంచినాడు. భూతాపం పెరిగిన కొలది పూలు ముందుగా పూస్తున్నవని ఈనాటి శాస్త్రజ్ఞులు చూపడానికి ఆ వ్రాతలే ఆధారమైనవి. ఆ వ్రాసినవారెవరూ భూతాపం కోసం వ్రాయలేదు. పూలమీది ప్రేమకొద్ది వ్రాసినారు. భారతదేశంలో 2010లో మొదలైన సీజన్‌వాచ్ అనే ఉద్యమంలో పాఠశాల విద్యార్థులు వారం వారం ఒక చెట్టు చిగురు, పూత, కాయ గమనించి నమోదు చేస్తున్నారు. ఉగాదినాటికి వేపపూత ఉన్నదా, కానుగ ఎప్పుడు పూసింది, రేల ఎప్పుడు బంగారమైంది అన్న ప్రశ్నలకు నల్లరేగడి గ్రామాలనుండి పది సంవత్సరాల సమాధానాలు ఉంటే అది ఎంత విలువైన గ్రంథమో ఊహించవచ్చు.

పేరు సంగతి తెలుగువారికి మరింత ముఖ్యం. 19వ శతాబ్దంలో నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన టి.సి. జెర్డాన్ 1862-64లో వెలువరించిన తన పక్షిశాస్త్ర గ్రంథంలో అనేక పక్షులకు తెలుగు పేర్లను పేర్కొన్నాడు. అవి వేటగాండ్రనుండి, పల్లెవాసులనుండి విన్నవి. ఒక పరదేశి చెవికి సోకిన పేర్లు ఈ నేలమీద పుట్టినవారి నోట నిలువకపోవడం విచారకరం. ఆ పేర్లలో కొన్ని నేటికీ అవ్వలకు, గొఱ్ఱెల కాపరులకు తెలుసు. విద్యార్థి తన చిత్రాన్ని వారికి చూపి, దీనిని ఏమంటారని అడగాలి. ఫోను తెరమీద ఆ పిట్టను చూచి అవ్వ చెప్పే పేరు ఏ నిఘంటువులోను లేకపోవచ్చు. వ్రాసికొన్నట్లయితే ఆ మాట దక్కుతుంది.

ఈ పనికి వేసవిసెలవులే తగిన కాలం. ఉపాధ్యాయుడు సెలవులకు ముందు ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క మొక్కను అప్పగించి, దానిమీదికి వచ్చిపోయే ప్రాణులను తేదీలతో చిత్రించుకొని రమ్మనవచ్చు. ఫోను లేని పిల్లవాడు పెన్సిలుతో బొమ్మ గీయవచ్చు. గీసినవాని చూపు తీసినవాని చూపుకంటె ఒకప్పుడు నిశితంగా ఉంటుంది. బడి తెరచిన వారంలో ఆ బొమ్మలన్నీ తరగతి గోడమీద అతికిస్తే, ఊరి పెరళ్ళన్నీ కలసి ఒక గ్రంథమవుతాయి.

అప్పటికి రోహిణీకార్తె గడచి, మృగశిర ప్రవేశించి, తొలకరి పడుతుంది. నెఱ్ఱెలు పూడుకొంటాయి. ఎఱ్ఱని మఖమలువంటి ఆరుద్రపురుగు తడినేలపై తిరుగుతుంది. దానిని దగ్గరగా చిత్రించి కాళ్ళు లెక్కపెట్టిన పిల్లలు ఎనిమిది అని చెబుతారు. అది సాలీటికి చుట్టమని తామే గ్రహిస్తారు. తాటిమట్టలపై మగ గిజిగాడు కొత్త గూటికి మొదటి పోచ ముడివేస్తాడు. రైతు విత్తనాల సంచి విప్పుతాడు. ఆ రైతు వెంట చేనికి నడిచే పిల్లవానికి, ఆ ఏడు పత్తి ఆకుమీద కనబడిన ప్రతి ప్రాణీ ఒట్టి పురుగుగా కనబడకపోతే, రెండు మూడింటినైనా పేరుపెట్టి పిలువగలిగితే, పెరటిలో గడిచిన వేసవి వ్యర్థం కాలేదని చెప్పవచ్చు.